పడావు పడ్డ పొలానికి పాలపిట్టను రప్పించడం ఎలా

హైదరాబాద్ నుంచి ఏ రోడ్డు పట్టుకుని బయటికి వెళ్లినా వెంచర్ల బోర్డుల మధ్య సాగు ఆగిపోయిన పొలాలు కనిపిస్తాయి. బోరు ఎండిపోయో, కూలీలు దొరక్కో, పిల్లలు సిటీకి వచ్చేసో వాటిని అలా వదిలేశారు. మన దగ్గర వాటిని పడావు భూములంటాం. మీకో, మీ చుట్టాలకో అలాంటి భూమి రెండెకరాలున్నా చాలు. ప్లాట్లు కొట్టకుండా పిట్టలకు, పురుగులకు, బడి పిల్లలకు దాన్ని ఎలా అప్పగించాలో మాకు తెలిసినంతలో చెబుతాను.

మేం ఎనిమిది కుటుంబాలం. చేవెళ్ల అవతల మా బాబాయి వాళ్ల నాలుగెకరాల చెలకలో ఈ పని మొదలుపెట్టాం. మొదటి వానాకాలంలోనే ఒక నర్సరీ నుంచి నాలుగు వందల మొక్కలు తెచ్చి నాటాం, ఫోటోలు దిగాం. ఎండాకాలం వచ్చేసరికి సగానికి పైగా ఎండిపోయాయి. బతికిన వాటిలో ఎక్కువ కోనోకార్పస్ అనే విదేశీ మొక్కలే. వాటి మీద ఒక్క పిట్టా గూడు పెట్టలేదు. మేం గుంతలు తీయకుండా వదిలేసిన మూలలో మాత్రం ఎవరూ నాటని తంగేడు లేచింది. దసరా ముందు గునుగు తెల్లగా విరగబూసింది. మాకు ఏడాదిన్నర టైమూ, చాలా డబ్బూ ఖర్చయ్యాక అర్థమైన విషయాన్ని ముందే చెప్పేస్తాను: ఈ పనిలో మొక్కలు నాటడం అన్నిటికన్నా చివర వస్తుంది. కొందరికి అసలు ఆ అవసరమే రాదు.

మన తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట, చెట్టు జమ్మి, పువ్వు తంగేడు. ఈ మూడూ దట్టమైన అడవిలో ఉండేవి కావు. గడ్డి, తుప్పలు, అక్కడక్కడా ఒక చెట్టు, మధ్యలో పెద్ద రాతి గుండ్లు, పైన బోలెడంత ఎండ, ఇదీ వాటి ఇల్లు. నగరం చుట్టూ ఉన్న ఎర్ర చెలకల అసలు స్వభావం కూడా అదే. పాలపిట్ట కరెంటు తీగ మీదో మోడు మీదో కూర్చుని కింద గడ్డిలో మిడత కదిలితే దూకి పట్టుకుంటుంది. నేలంతా చెట్లతో కప్పేస్తే దానికి తిండి కనపడదు. కాబట్టి మీ మనసులో ఉన్న పచ్చటి అడవి బొమ్మను ఇప్పుడే చెరిపేయండి. ఎలాంటి నేల కావాలో చూడాలంటే ఒక ఉదయం వనస్థలిపురం హరిణ వనస్థలికి వెళ్లండి. కృష్ణజింకలు తిరిగే ఆ గడ్డి, తుప్పల నేలను కాసేపు నిలబడి చూస్తే నేను చెప్పేది తెలుస్తుంది.

ముందు కాగితాలు, మనుషులు

పాస్‌బుక్‌లో విస్తీర్ణం, నేల మీద హద్దులు ఒకటే ఉన్నాయో లేదో సర్వే చేయించి హద్దురాళ్లు పాతించండి. పక్కన చెరువో కుంటో ఉంటే ఎఫ్‌టీఎల్ ఎక్కడిదాకా వస్తుందో తెలుసుకోండి. చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు అది. చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా సంస్థ వచ్చాక ఆ మాట తెలియని వాళ్లు సిటీలో తక్కువ. నిజానికి చెరువు శిఖం, అంటే చెరువు నీళ్లు పరుచుకునే నేల, పక్కన భూమి ఉండటం ఈ పనికి అదృష్టమే, గది కట్టాలన్న ఆశ లేకపోతే. సాగు ఆపేస్తే ప్రభుత్వం ఇచ్చే రైతు భరోసా పెట్టుబడి సాయం సంగతి ఏమవుతుందో మీ క్లస్టర్ ఏఈవోను (వ్యవసాయ విస్తరణ అధికారిని) ముందే అడగండి. భూమి మీ బాబాయిదో మేనత్తదో అయితే ఆ డబ్బు లెక్క తర్వాత మాటల దాకా వస్తుంది.

భూమి యజమానితో కనీసం పదేళ్లకు ఒప్పందం కాగితం మీద రాసుకోండి. మధ్యలో అమ్మాలనుకుంటే ఎన్ని నెలల ముందు చెప్పాలి, ఖర్చు ఎవరెంత పెట్టాలి, నెలకు ఎవరు ఎన్నిసార్లు వెళ్లాలి, ఇవన్నీ అందులో ఉండాలి. నా అనుభవంలో ఇలాంటి పనులు ఎండకు చచ్చిపోవు. మూడో నెల నుంచి ఆదివారాలు ఎవరూ రాకపోవడం వల్ల చచ్చిపోతాయి.

ఊళ్లోవాళ్లకు మీరే వెళ్లి చెప్పండి. మా పొలం పక్కన గొర్లు కాసే పెద్దాయన మొదటిరోజే అడిగాడు: "ఏంది సారూ, గింత భూమి పడావు వెట్టి ఏం జేస్తరు?" పిట్టల కోసం అన్నాను. "అంటే పిట్టలకు కౌలుకిచ్చిన్రన్నట్టు" అని నవ్వాడు. ఇప్పుడు మా పొలానికి ఆ ఊళ్లో పిట్టల కౌలు అనే పేరే స్థిరపడింది.

ఒక ఏడాది చేతులు కట్టుకుని చూడండి

ఇది అందరికీ కష్టమైన మెట్టు. రోహిణి కార్తెలో ఒకసారి, మృగశిర దాటి రెండు మంచి వానలు పడ్డాక ఒకసారి, బతుకమ్మ ముందు ఒకసారి, సంక్రాంతికి ఒకసారి పొలమంతా నడవండి. నాలుగైదు చోట్ల కర్రలు పాతి, ప్రతిసారీ అదే కర్ర దగ్గర నిలబడి అదే దిక్కుకు ఫోటో తీయండి. రెండేళ్ల తర్వాత ఆ ఫోటోలు పక్కపక్కన పెట్టి చూపిస్తే నమ్మని బంధువులు కూడా నోరు మూస్తారు.

నడిచేటప్పుడు వాన నీళ్లు ఎటు పారుతున్నాయి, ఎక్కడ నిలుస్తున్నాయి, మేకలు ఏ దారిన వస్తున్నాయి, ఎక్కడ కుందేలు పెంటికలు ఉన్నాయి, ఏ గుండు కింద బొరియ ఉంది, ఇవి రాసుకోండి. ట్రాక్టరు పెట్టి దున్నించవద్దు. నేలలో ఏళ్ల తరబడి పడి ఉన్న విత్తనాలు, నరికినా చావని తంగేడు, రేగు, మోదుగ వేర్లు ఉంటాయి. దున్నితే ఆ వేర్లు తెగుతాయి, తిరగేసిన మట్టిలో ముందుగా మొలిచేది వయ్యారిభామ అనే పార్థీనియం కలుపు. పశువుల ఎరువు కూడా వేయవద్దు. చెలకలో పుట్టిన మొక్కలకు పేద నేల అలవాటే. బలం పెంచితే లాభపడేది కలుపే.

గడ్డిమందు పూర్తిగా బంద్. పత్తిచేలలో గడ్డిమందు కొట్టడం మామూలైపోయాక గునుగు ఎంత తగ్గిందో బతుకమ్మ పేర్చే మీ ఇంట్లో ఆడవాళ్లను అడగండి. సిటీలో ఇప్పుడు ఆ పువ్వును కట్టల లెక్కన కొంటున్నాం. మీ పొలంలో మందు ఆపిన రెండో వానాకాలానికే అది ఉచితంగా వస్తుంది.

పీకాల్సినవి

మీ శ్రమలో ముప్పావు వంతు ఇక్కడే పెట్టండి. వయ్యారిభామతో మొదలుపెట్టండి. 1950ల్లో పుణె దగ్గర మొదట కనిపించిన ఈ మొక్క ఇప్పుడు లేని ఊరు లేదు. ఒక్కో మొక్క వేల విత్తనాలు రాలుస్తుంది కాబట్టి పూతకు రాకముందే, వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు వేరుతో సహా లాగేయాలి. చేతులకు గ్లవ్స్, నిండు చేతుల చొక్కా, మాస్కు తప్పనిసరి. కొందరికి ఒంటి మీద దద్దుర్లు, దగ్గు, ఆయాసం వస్తాయి. పిల్లలతో ఈ పని చేయించకండి. ఒక వానాకాలంలో మూడుసార్లు పీకాలి, మూడేళ్లు పీకాలి. అడ్డదారి లేదు.

తర్వాత సర్కారు తుమ్మ. పైన నరికితే మళ్లీ పది కొమ్మలేసి లేస్తుంది. నేలలోకి జానెడు తవ్వి, కాండం మొదలు కింద వేరును తెంచితేనే చస్తుంది. నల్ల తుమ్మను, తెల్ల తుమ్మను చూసి ఇదే అనుకుని నరికేయకండి, అవి మనవి, గిజిగాడు ఇష్టంగా గూళ్లు అల్లే చెట్లు. గుర్తుపట్టడం రాకపోతే గొర్ల కాపరిని అడగండి, ఒక్క చూపులో చెబుతాడు. లంటానా పొదలు, సుబాబుల్, మాలాగా మీరూ నాటుకున్న కోనోకార్పస్ కూడా పోవాల్సినవే. అయితే అన్నీ ఒకే ఏడాది తీసేస్తే వాటిలో తలదాచుకున్న పిట్టలకు నీడ ఉండదు. మూడో వంతు చొప్పున మూడేళ్లలో తీయండి, గూళ్లున్న కాలంలో ఆపండి. పెద్ద చెట్టు ఏదైనా సరే నరికే ముందు అటవీ శాఖ రేంజ్ ఆఫీసులో అడగండి, నీరు, భూమి, చెట్ల రక్షణకు వాల్టా చట్టం ఉంది.

తీయకూడని వాటి గురించి కూడా చెప్పాలి. తల విరిగిన తాటి మోడు చూడగానే మనకు నరికేయాలనిపిస్తుంది. పాలపిట్ట గుడ్లు పెట్టేది అలాంటి తొర్రల్లోనే. తర్వాత చిలకలు, మైనాలు కూడా అందులో చేరతాయి. గుండ్లను కంకరకు అమ్మమని ఎవరో ఒకరు తప్పకుండా వస్తారు. ఆ సందుల్లో తొండలు, ఉడుములు, గుడ్లగూబలు ఉంటాయి. ఒకసారి పగలగొట్టిన గుండును మళ్లీ ఎవరూ తెచ్చి పెట్టలేరు.

నీళ్లు

హైదరాబాద్‌లో ఏడాదికి దాదాపు 80 సెంటీమీటర్ల వాన పడుతుంది, ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబర్ లోపే. ఎకరం మీద ఒక్క సెంటీమీటరు వాన అంటే సుమారు 40 వేల లీటర్లు, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది. ఇది తెలిశాక బోరు వేయించాలన్న ఆలోచన తగ్గుతుంది. నీళ్లు పరుగెత్తే చిన్న ఒర్రెలకు అడ్డంగా పొలంలోని రాళ్లతోనే మోకాలెత్తు కట్టలు పేర్చండి. సిమెంటు వద్దు, నీళ్లు మెల్లగా ఒడిసి దిగిపోతే చాలు. ఒండ్రు ఆగిన చోట గడ్డి ముందుగా లేస్తుంది.

కుంట తవ్విస్తే కనీసం ఒక వైపు గట్టు పశువు నడిచి దిగేంత వాలుగా ఉండాలి. ప్లాస్టిక్ షీటు పరిచిన ఫామ్‌పాండ్లలోకి దిగిన కుందేళ్లు, పాములు జారి పైకి రాలేక చచ్చిపోతాయి. పాత మోట బావి ఉంటే ముందు దాని చుట్టూ గోడ కట్టించండి, పిల్లలు వచ్చే చోటు అది. లోపల పడ్డ జీవి ఎక్కి రావడానికి ఒక పొడవైన కొమ్మను వాలుగా దించి ఉంచండి. ఎండాకాలంలో వెడల్పాటి మట్టి తొట్లు రెండు మూడు పెట్టి మధ్యలో రాయి వేయండి, తేనెటీగలు దాని మీద వాలి తాగుతాయి. మూడు రోజులకోసారి కడిగి నింపే మనిషి లేకపోతే తొట్లు పెట్టనే వద్దు, దోమలు పెరుగుతాయి.

నాటాలంటే

రెండు వానాకాలాలు గడిచాక కూడా ఖాళీగా ఉన్న చోట్ల మాత్రమే, ఎకరాకు ఇరవై ముప్పై చెట్లకు మించకుండా నాటండి. నర్సరీ కన్నా ఆ చుట్టుపక్కల ఏరిన గింజలే మేలు. వేప గింజ కొద్ది వారాల్లోనే మొలకెత్తే శక్తి పోగొట్టుకుంటుంది, రాలిన వెంటనే వేయాలి. మోదుగ గింజ కూడా మృగశిర వానలకు తాజాగా వేస్తేనే మంచిది. రేల గింజకు పెంకు గట్టి, గరుకు రాయి మీద కాస్త రుద్ది రాత్రంతా నానబెట్టండి. జమ్మి, రేగు, మారేడు, వెలగ, మేడి, ఈత, వాక ఇవన్నీ మన నేలకు సరిపోతాయి. గింజను ఖాళీ స్థలంలో కాక రేగు, పరికి లాంటి ముళ్ల తుప్పల మధ్యలో వేయండి. మేకలు అక్కడికి మూతి పెట్టలేవు, కాస్త నీడా దొరుకుతుంది. ట్రీగార్డుల ఖర్చు మిగులుతుంది.

ఇంతకన్నా తేలిక దారి ఒకటుంది. పత్తి, కంది వేసే రైతులు పురుగులు తినే పిట్టల కోసం పక్షి స్థావరాలని కర్రలు పాతుతారు కదా, అవే టీ ఆకారం కర్రలు ఖాళీ చోట్ల పాతండి. వాలిన పిట్టలు వేప, రేగు, మర్రి, మేడి గింజలను రెట్టలతో పాటు వేసి వెళతాయి. బీజాపూర్ రోడ్డు మీద చేవెళ్ల వైపున్న మహా మర్రిచెట్ల పండ్లు తిన్న పిట్టలే మా తాటిచెట్టు మొదట్లో ఒక మర్రిమొక్కను మొలిపించాయి. మేం తలా ఒక ఆదివారం బాల్చీతో నీళ్లు పోసిన మర్రి మాత్రం ఎండిపోయింది.

మొదటి ఒకటి రెండేళ్లు ఒక అంచున పది గుంటల్లో జొన్నో సజ్జో చల్లి కోయకుండా వదిలేయవచ్చు. చూరుకు వరి కంకుల కుచ్చులు కట్టిన ఇళ్లు మనవి, పిట్టల వాటా మనకు కొత్త కాదు.

గొర్లు, నిప్పు, పందులు, పాములు

కంచె గురించి ఎక్కువ వాదనలు జరుగుతాయి. ముళ్లతీగకు జంతువులు చీరుకుపోతాయి. కరెంటు తీగ పెట్టడం నేరం, మనుషులే చచ్చిపోతున్నారు. గచ్చకాయ, వాక, పరికితో జీవకంచె పెంచుకోండి, నాలుగేళ్లు పడుతుంది. ఈలోగా కాపరులతో మాట్లాడుకోవడమే కంచె. మేం దసరా దాకా గొర్లు రావద్దన్నాం, గింజ రాలిన తర్వాత కొన్ని వారాలు మేపుకోమన్నాం. గడ్డి కొంత తగ్గితే ఎండాకాలం మంటల భయమూ తగ్గుతుంది. ఆ పెద్దాయన ఇప్పుడు మా కాపలాదారు కూడా. ఉచ్చులు ఎక్కడ పెట్టారో మాకన్నా ముందు ఆయనకే తెలుస్తుంది. కుందేలును, కౌజును, ఉడుమును పట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమని బోర్డు పెట్టాం గానీ, పనిచేసింది బోర్డు కాదు, ఆయన మాటే.

సంక్రాంతి లోపు పొలం చుట్టూ మూడు మీటర్ల వెడల్పున గడ్డి కోసి నేల కనిపించేలా చేయండి. ఫిబ్రవరి నుంచి మే దాకా పక్క చేలో కొయ్యకాళ్లకు పెట్టిన నిప్పు, దారిన పోయేవాళ్ల బీడీ ముక్క రెండూ ప్రమాదమే.

అడవి పందుల విషయంలో నిజాయితీగా ఉండాలి. మీ పొలంలో దట్టమైన పొదలుంటే అవి పగలు అక్కడ పడుకుని రాత్రి పక్కవాళ్ల మక్క చేలో పడతాయి. ఆ రైతు ముందు మీ జీవవైవిధ్యం మాటలు పనిచేయవు, పనిచేయకూడదు కూడా. పొరుగు హద్దు వైపు పది మీటర్లు గడ్డి పొట్టిగా ఉంచండి, లంటానా ముందు అక్కడి నుంచే తీయండి. ఊరకుక్కలు మరో సమస్య. అన్నం మిగిలితే అక్కడ పడేయకుండా ఇంటికి తెచ్చుకోండి.

పాములు వస్తాయి. జెర్రిపోతు ఎలుకలను తింటుంది, దాని పని దాన్ని చేసుకోనివ్వండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటినీ ఫోటోల్లో చూసి గుర్తుపట్టడం అందరూ నేర్చుకోండి. గమ్‌బూట్లు, చీకటి పడ్డాక టార్చి లేకుండా ఎవరూ గడ్డిలోకి దిగకూడదు. కాటు పడితే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం, పసరు మందు, ఏదీ వద్దు. ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. యాంటీవీనమ్ ఉండే దగ్గరి ప్రభుత్వాసుపత్రి ఏదో ముందే వెళ్లి కనుక్కుని గేటు మీద రాసి పెట్టండి. దూరకూడని చోట పాము దూరితే కర్ర తీయకుండా పాములను పట్టి వదిలేవాళ్లను పిలవండి, నగరంలో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ ఏళ్లుగా ఆ పనిలో ఉంది.

పిల్లలు

ఒక్కసారి పదిహేను మందికి మించి తీసుకెళ్లకండి. బస్సు నిండా దిగితే పిల్లలు పిల్లలనే చూస్తారు. ఉదయం ఆరున్నరకు పొలంలో ఉండాలి, తొమ్మిదికి టిఫిన్, పదింటికి తిరుగు ప్రయాణం. సిటీ స్కూలు పిల్లలతో పాటు ఆ ఊరి సర్కారు బడి పిల్లలనూ కలపండి. పేర్లు చెప్పేది వాళ్లే అవుతారు, ఆ రోజు టీచర్లు వాళ్లే అవుతారు.

బాగా పనిచేసిన ఆటలు మూడు చెబుతాను. మీటరు చదరం వచ్చేలా దారం కట్టి, ఒక చదరం వయ్యారిభామ ఉన్న చోట, ఒకటి గునుగు, గడ్డి ఉన్న చోట వేయించి, దేనిలో ఎన్ని రకాల మొక్కలు, పురుగులు ఉన్నాయో లెక్కపెట్టించండి. పీకడం ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. ముందురోజు సాయంత్రం కుంట దగ్గర సన్న ఇసుక పరిచి చదును చేసి ఉంచితే, పొద్దున దాని మీద ముంగిస, కుందేలు, నెమలి, కుక్క అడుగులు దొరుకుతాయి. ఎవరు తాగడానికి వచ్చారో, ఎవరు ఎవరి వెనక వచ్చారో కథ పిల్లలే అల్లుతారు. మూడోది జిల్లేడు దగ్గర కూర్చోవడం. ఆకుల కింద నలుపు, తెలుపు, పసుపు చారల గొంగళిపురుగు కనిపిస్తే అది ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక పిల్ల. చూడటమే తప్ప ఆకు తుంపకూడదు, జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం.

ఎంగిలిపూల బతుకమ్మ ముందు ఆదివారం మాత్రం అమ్మమ్మలను, నానమ్మలను తీసుకెళ్లండి. తంగేడు, గునుగు, కట్లపూలు, వాళ్లకు తెలిసిన పేర్లలో సగం మనకు తెలియవు. పూలు కోసుకోవచ్చు, కానీ గునుగు ఒక్క ఏడాది మొక్క, గింజ రాలితేనే వచ్చే ఏడు ఉంటుంది. మూడు కోస్తే ఏడు వదలాలని మా నియమం. మొదటి ఏడాది ఒకావిడ సంచి నిండా కోసుకుంది, ఎవరం ఏమీ అనలేకపోయాం. ఆవిడే తర్వాతి ఏడాది గింజలు తెచ్చి చల్లింది.

చూసినవన్నీ రాసే పుస్తకం ఒకటి పొలంలోనే, మూతున్న డబ్బాలో పెట్టండి. తేదీ, వాన పడిందా లేదా, ఎవరొచ్చారు, ఏం చూశారు, నాలుగు గళ్లు చాలు. పిట్టల పేర్లు తెలియకపోతే మెర్లిన్ యాప్ గొంతు విని చెబుతుంది, పిట్టల లెక్కలు నమోదు చేసే వెబ్‌సైట్ ఈబర్డ్‌లో ఎక్కిస్తే మీ లెక్క వేరేవాళ్లకూ పనికొస్తుంది. అయినా పుస్తకం మానవద్దు, ఫోన్లు మారిపోతాయి. పెన్నును డబ్బాకు దారంతో కట్టేయండి. మాకు ఇప్పటికి పదకొండు పెన్నులు పోయాయి.